తాగకుండానే తూలుతున్న గుమస్తా: లివర్, మెదడు, పేగుల్లో బాక్టీరియా

పేషెంటు వయసు 54. పలాస దగ్గర ఓ జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తా, లెక్కలు రాయడం పని. చాలా ఏళ్ళు తాగాడు. సిరోసిస్ (లివర్ గట్టిపడి ముడుచుకుపోయే జబ్బు) అని తేలాక రెండేళ్ళ కిందట మానేశాడు. శ్రీకాకుళంలో మా దగ్గరికి తీసుకొచ్చినది జులై నెలలో. భార్య చెప్పిన మొదటి మాట జబ్బు గురించి కాదు. "మళ్ళీ మొదలెట్టేసినాడు బాబూ. ఎక్కడ తాగుతున్నాడో తెలీదు గానీ నోరు వాసనేస్తంది, నడిస్తే తూలిపోతన్నాడు" అంది. కొడుకు ఒప్పుకోలేదు. "రోజంతా నేను కూడానే ఉంటన్నాను కదమ్మా, ఎప్పుడు తాగుతాడు?" అన్నాడు. ఆ విషయం మీద ఇంట్లో అప్పటికే పెద్ద గొడవైపోయింది. ఆవిడ భర్తతో మాటలు మానేసి చాలా రోజులైంది.

నేను వంగి వాసన చూశాను. అది మందు వాసన కాదు. కొంచెం తియ్యగా, కొంచెం ముక్కిపోయినట్టుగా ఉంది. పేగుల్లో బాక్టీరియా తయారుచేసే గంధకపు వాయువుల్ని లివర్ ఆపలేనప్పుడు అవి రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తాయి. ఆ వాసన ఒక్కసారి తెలిసిన డాక్టరు మళ్ళీ మర్చిపోడు. తెలియని ఇంటివాళ్ళు మాత్రం దాన్ని సారా అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆయనకొచ్చింది లివర్ మత్తు: పాడైన లివర్ వల్ల మెదడు మసకబారే జబ్బు, హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ.

పేషెంటు, కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, జవాబు చెబుతున్నాడు, మళ్ళీ కునుకు తీస్తున్నాడు. ఇది ఏ నెల అని అడిగితే "సంక్రాంతి ఎల్లిపోనాదా?" అని నన్నే తిరిగి అడిగాడు. చేతులు ముందుకు చాపి, అరచేతులు నిలబెట్టి ఉంచమంటే, రెండు మూడు సెకన్లకోసారి మణికట్టు దగ్గర పట్టు జారి చెయ్యి కిందికి పడుతోంది, వెంటనే లేస్తోంది. లివర్ జబ్బులో వచ్చే ఈ అదురును 1949లో ఆడమ్స్, ఫోలీ వర్ణించారు. ఇప్పటికీ దీన్ని కనిపెట్టడానికి మిషనేమీ అక్కర్లేదు. ఈ మత్తు తీవ్రతను కొలిచే వెస్ట్ హేవెన్ స్కేలులో ఇది గ్రేడ్ 2.

కొడుకు సంచిలోంచి ఫ్యాక్టరీ లెక్కల పుస్తకం తీశాడు. ఓనరు కోప్పడ్డాడట, బస్తాల లెక్క తప్పుతోందని. పుస్తకం వెనక్కి తిప్పుకుంటూ పోయాను. మే నెల పేజీల్లో రాత అచ్చు వేసినట్టుంది. 80 కిలోల జీడిపిక్కల బస్తాలు, వాటి పక్కన రేటు, మొత్తం, అన్నీ గీత మీదే. జూన్ మధ్య నుంచి అంకెలు గీత దాటి కిందికి జారడం మొదలైంది. తర్వాత 8 పైన మూసుకోవడం మానేసింది. జులై మొదటి వారంలో 3 ఏదో 8 ఏదో నాకే తెలియలేదు. నేను రాయించుకున్న టెస్టులన్నిటి కంటే ఈ పుస్తకం ఎక్కువ చెప్పింది. మెదడు మెల్లగా తడబడడం ఆరు వారాల ముందే మొదలైంది. మనిషి పడిపోయేదాకా దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు.

రక్త పరీక్షలు ఇలా వచ్చాయి: బిలిరుబిన్ (కామెర్ల కొలత) 2.6, ఆల్బుమిన్ (లివర్ చేసే ప్రొటీన్) 2.7, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే కొలత) 1.7, క్రియాటినిన్ (కిడ్నీ కొలత) 1.2, సోడియం 129, పొటాషియం 3.1. స్కానింగ్‌లో కుంచించుకుపోయిన గరుకు లివర్, పెరిగిన స్ప్లీన్, కడుపులో కొద్దిగా నీరు. లివర్ ఎంత పాడైందో చెప్పే చైల్డ్ పూ స్కోరు 11, అంటే అన్నిటికంటే చెడ్డదైన సి తరగతి. అలాంటిదే ఇంకో స్కోరు, మెల్డ్, 18.

ఇలా రావడం ఇది మూడోసారి. వేరే ఊళ్ళలో రెండుసార్లు అడ్మిట్ చేశారు, రెండుసార్లూ నాలుగు రోజుల్లో తేరుకుని ఇంటికెళ్ళాడు.

ఏం రెచ్చగొట్టింది?

ఉద్దానం పక్కన ఉన్న ఊరి నుంచి మనిషి మత్తుగా వస్తే, అందరి అనుమానమూ కిడ్నీ మీదికే పోతుంది. ఆ ప్రాంతంలో కారణం తెలియని కిడ్నీ జబ్బు ఇళ్ళకిళ్ళనే పట్టుకుంది కాబట్టి ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కిడ్నీ బాగా పాడైనా మనిషి మత్తుగా ఉంటాడు, చేతులు ఇలాగే అదురుతాయి. ఈయనకు యూరియా, క్రియాటినిన్ అంత పెరగలేదు కాబట్టి ఆ దారి మూసేశాం. సుగర్ సరిగానే ఉంది. తాగిన అలవాటున్న మనిషి ఎప్పుడు పడ్డాడో ఎవరికీ గుర్తుండదు కనుక తలకి సీటీ తీయించాం, లోపల రక్తం లేదు. కడుపులో నీరు సూదితో తీసి చూస్తే కణాలు తక్కువే, ఇన్‌ఫెక్షన్ లేదు. గ్లూకోజు ఎక్కించకముందే థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చాం. పాత తాగుబోతుల్లో బి1 లోపం కూడా ఇలాగే నాటకమాడుతుంది.

అమ్మోనియా పరీక్ష చేయించలేదు. దానికి రక్తాన్ని ఐసులో పెట్టి కాసేపట్లోనే ల్యాబులో వేరుచేయాలి. శ్రీకాకుళంలో తీసి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న విశాఖకి బస్సులో పంపితే, సీసాలో ఉన్నంతసేపూ అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది. ఆ అంకె చూసి భయపడడం తప్ప లాభం లేదు. పైగా ఈ జబ్బును నిర్ధారించేది మనిషిని చూసి, అంకెను చూసి కాదు. అమ్మోనియా మామూలుగా ఉందని వస్తే మాత్రం 'ఇది నిజంగా లివర్ మత్తేనా?' అని మళ్ళీ ఆలోచించాలి. ఆ పరీక్ష ఉపయోగం నా లెక్కలో అంతవరకే.

తర్వాత మందుల సంచి బోర్లించాను. అసలు కథ అందులో ఉంది.

నీరు లాగే మాత్రలు: రెండూ పూర్తి డోసులో, ఎండాకాలమంతా ఆపకుండా. అందుకే పొటాషియం 3.1. పొటాషియం తగ్గితే కిడ్నీ కూడా అమ్మోనియాను ఎక్కువగా తయారుచేస్తుంది. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్: రెండేళ్ళుగా రోజూ, ఎందుకో ఎవరికీ తెలియదు. నిద్రమాత్ర: రాత్రంతా మేలుకుని పగలంతా పడుకుంటున్నాడని మందుల షాపులో అడిగి తెచ్చుకున్నారు. పగలు రాత్రి తారుమారవడం ఈ జబ్బు తొలి సూచన. దానికి నిద్రమాత్ర వేస్తే మనిషిని ఇంకో మెట్టు కిందికి తోసినట్టే. ఈ మత్తుకి అసలు మందైన లాక్టులోజ్ సిరప్ సీసా కూడా ఉంది, సీలు తీసి ఉంది, ముప్పావు నిండా ఉంది. విరేచనమై మూడు రోజులైంది.

ఆఖరున ఒక కాగితం. 'పప్పు, గుడ్డు, పాలు, మాంసం మానాలి' అని. రెండేళ్ళుగా ఆయన గంజి, బ్రెడ్డు, ఇడ్లీ మీద బతుకుతున్నాడు. చొక్కా విప్పితే భుజాల దగ్గర కండ కరిగిపోయి ఎముకలు తేలాయి.

పేగుల్లో పుట్టేది మెదడుకెలా చేరుతుంది?

మనం తిన్న మాంసకృత్తుల్ని, పేగుల్లోకి చేరే యూరియాను, అక్కడి కొన్ని బాక్టీరియా విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. చిన్నపేగు గోడ కూడా గ్లుటమిన్ నుంచి కొంత చేస్తుంది. ఇదంతా పోర్టల్ రక్తంలో (పేగుల నుంచి లివర్‌కి వెళ్ళే రక్తంలో) కలిసి నేరుగా లివర్‌కి పోతుంది, అక్కడ యూరియాగా మారి మూత్రంలో వెళ్ళిపోతుంది. సిరోసిస్‌లో రెండు చోట్ల తేడా వస్తుంది. లివర్ ఆ పని చేయలేదు, పైగా పోర్టల్ రక్తం పక్కదారులు పట్టి లివర్‌ని తప్పించుకుని పోతుంది. మెదడులో నరాల కణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలు ఆ అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చి దాచుకుంటాయి, నీరు పట్టి ఉబ్బుతాయి. దానికి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ కూడా తోడైతే మనిషి మసకబారతాడు.

పేగుల్లో జనాభా కూడా మామూలుగా ఉండదు. పైత్యరసం తగ్గుతుంది, పేగు కదలిక మందగిస్తుంది. మేలు చేసే లాక్నోస్పిరేసి, రూమినోకోకేసి కుటుంబాలు పలచబడి, ఎంటరోబాక్టీరియేసి పెరుగుతుంది. 2014లో చైనా పరిశోధకులు నేచర్ పత్రికలో వేసిన పేపరులో ఇంకో సంగతి బయటపడింది: సిరోసిస్ పేషెంట్ల పేగుల్లో నోటి బాక్టీరియా కాపురం పెట్టింది. నోట్లో ఉండాల్సినవి కడుపు దాటి కిందికి ఎలా దిగాయంటే, ఒక దారి కడుపులో ఆసిడ్ లేకపోవడం. గ్యాస్ మాత్రలు వాడే సిరోసిస్ పేషెంట్లలో ఈ మత్తు, కడుపులో నీటికి ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా కనబడడానికి ఇదొక కారణమని అంటారు. మన జిల్లాలో ఏ ప్రిస్క్రిప్షన్ తీసినా మొదటి వరుసలో ఉండేది ఆ మాత్రే. అల్సరు ఉంటే వేయాలి, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకు బ్యాండ్ వేశాక కొన్నాళ్ళు వేయాలి. 'ఇన్ని మాత్రలు వేస్తున్నాం కదా, ఒకటి పడి ఉంటుంది' అని వేస్తే సిరోసిస్‌లో అది ఊరికే పోదు.

వైద్యం

మొదటి రోజు నోటితో ఎక్కువ ఇవ్వడానికి భయమేసింది, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతుందని. 300 మిల్లీలీటర్ల లాక్టులోజ్‌ను 700 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఎనీమాగా ఇచ్చాం. నీరు లాగే మాత్రలు, నిద్రమాత్ర, గ్యాస్ మాత్ర ఆపాం. పొటాషియం ఎక్కించాం. సాయంత్రానికి రెండుసార్లు బాగా విరేచనమైంది. మర్నాడు పొద్దున్న భార్యను పేరు పెట్టి పిలిచి కాఫీ అడిగాడు. ఆవిడ ఏడ్చింది. తాగుడు కాదన్న సంగతి ఆవిడకు నమ్మకం కుదిరింది అప్పుడే. ఆ తర్వాత నోటితో 30 మిల్లీలీటర్లు రోజుకు మూడుసార్లు, రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాములు పొద్దున్నా రాత్రీ మొదలుపెట్టాం.

లాక్టులోజ్‌ని అందరూ విరేచనం మందే అనుకుంటారు. లివర్ మత్తుకి దాన్ని తెచ్చినవాళ్ళ ఆలోచన వేరు. 1957లో పెట్యూలీ సీసాపాలు తాగే పసిపిల్లల్లో లాక్టులోజ్ ఇస్తే బైఫిడో బాక్టీరియా పెరుగుతుందని చూపించాడు. ఆ ఆధారంతోనే 1966లో బిర్చర్, తోటి డాక్టర్లు దీన్ని లివర్ పేషెంట్లకు ఇచ్చి చూశారు, పేగుల్లో జనాభాను మార్చవచ్చని. మన ఒంట్లో ఈ చక్కెరను అరిగించే ఎంజైము లేదు. అది పెద్దపేగు దాకా అలాగే పోయి అక్కడ బాక్టీరియాకి మేతవుతుంది. అవి దాన్ని లాక్టిక్, అసిటిక్ ఆసిడ్లుగా పులియబెడతాయి. పులుపులో అమ్మోనియా అమ్మోనియం అయిపోయి పేగు గోడ దాటలేక మలంతో బయటికి పోతుంది.

రిఫాక్సిమిన్ యాంటీబయాటిక్. రక్తంలోకి దాదాపు పోదు, పేగులోనే ఉండిపోతుంది. అంతకుముందు వాడిన నియోమైసిన్ కిడ్నీని, చెవిని దెబ్బతీసేది. కిడ్నీ సంగతి ఎప్పుడూ తలలో పెట్టుకుని మందు రాయాల్సిన మా ప్రాంతంలో ఈ తేడా చాలా పెద్దది. 2010లో 299 మంది మీద బాస్ బృందం చేసిన ట్రయల్‌లో, ఆరు నెలల్లో మళ్ళీ మత్తులోకి వెళ్ళినవాళ్ళు రిఫాక్సిమిన్ గుంపులో 22 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 46 శాతం. అందులో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా లాక్టులోజ్ కూడా వాడుతున్నారన్నది మర్చిపోకూడదు. ఢిల్లీలోని జీబీ పంత్ ఆసుపత్రిలో 2013లో 120 మంది మీద చేసిన పరిశీలనలో, రెండు మందులూ కలిపి ఇస్తే 76 శాతం మంది పూర్తిగా తేరుకున్నారు, లాక్టులోజ్ ఒక్కటే ఇస్తే 51 శాతం. ఈ మందు బాక్టీరియా సంఖ్యను పెద్దగా తగ్గించదు, అవి చేసే పనిని మారుస్తుందని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. ఖరీదు మాత్రం ఖరీదే. గుమస్తా జీతంలో నెలనెలా కొనాలి. అందుకే మొదటిసారి మత్తు వచ్చిన ప్రతివాళ్ళకీ రాయను. లాక్టులోజ్ సరిగా వాడుతూ కూడా మళ్ళీ వస్తేనో, ఈయనలా పదేపదే వస్తేనో రాస్తాను.

'సరిగా వాడుతూ' అన్న మాట దగ్గరే చిక్కంతా. ఆ ముప్పావు సీసా గురించి ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. "తియ్యగా ఉంటదని కాదు బాబూ. ఫ్యాక్టరీలో మాకొక్కటే దొడ్డి. ఆడోళ్ళు పీలింగుకి వస్తారు, పొద్దున్నుంచీ అక్కడ లైనే. మూడు మాట్లు ఎల్తే అందరూ నవ్వుతారు" అన్నాడు. మందు పనిచేయలేదని రాసే ప్రతి కేసు షీటు వెనుకా ఇలాంటి కారణం ఏదో ఒకటి ఉంటుంది. అడిగితే చెబుతారు, రౌండ్సులో పదిమంది ముందు అడిగితే చెప్పరు.

డోసుల టైము మార్చాం. తెల్లవారుజామున లేవగానే ఒకటి, పని నుంచి వచ్చాక ఒకటి, పడుకునే ముందు ఒకటి. పనిలోకి వెళ్ళే ముందే ఒకటి రెండుసార్లు అయిపోవాలి. కోడలికి గోడ మీది క్యాలెండర్ అప్పగించాను: రోజుకి ఎన్నిసార్లు వెళ్ళాడో అన్ని గీతలు. రెండు మూడు మెత్తగా అయితే అదే డోసు. ఒకటే అయితే సిరప్పు పెంచాలి, నాలుగు దాటితే తగ్గించాలి. ఈ మందుకి డాక్టరు రాసే మిల్లీలీటర్లు మొదలు మాత్రమే, ఆ తర్వాత డోసు తేల్చేది ఆ గీతలే. కోడలు ఇంటర్ చదివిన పిల్ల, ఒక్క మాటలో పట్టేసింది. మావయ్యని రోజూ ఆ సంగతి అడగడానికి మొదట్లో సిగ్గుపడింది. దానికి ఉపాయం వాళ్ళే కనిపెట్టారు. ఆయనే వెళ్ళొచ్చి గీత పెడతాడు, ఆ పిల్ల సాయంత్రం లెక్క చూస్తుంది.

తిండి

మాంసకృత్తులు మాన్పించడం పాత అలవాటు. దాని మూలం 1893 దాకా పోతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పావ్లోవ్ బృందం కుక్కల్లో పోర్టల్ రక్తాన్ని లివర్ తప్పించి మళ్ళించినప్పుడు, మాంసం పెడితే అవి తూలి, మత్తులో పడ్డాయి. అక్కడి నుంచి 'లివర్ జబ్బుకి పప్పు పనికిరాదు' అన్నది తరాల తరబడి నడిచింది. 2004లో బార్సిలోనాలో కోర్డోబా బృందం మత్తుతో చేరిన పేషెంట్లకు మామూలుగా పెట్టి, తక్కువ పెట్టి పోల్చి చూసింది. మత్తు తగ్గడంలో తేడా లేదు, తక్కువ తిన్నవాళ్ళ కండే ఎక్కువ కరిగింది. కండ అందానికి కాదు, లివర్ చేతులెత్తేశాక అమ్మోనియాను పట్టుకునే రెండో చోటు అదే. ఈయనకు భుజాలు కరిగిపోవడం ఒక జబ్బుకి ఫలితమే కాదు, ఇంకో జబ్బుకి కారణం కూడా.

నీరు తీసేస్తే ఆయన బరువు సుమారు 60 కిలోలు. కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల లెక్కన రోజుకి 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆ కాగితం చింపించి, రెండు పూటలా పప్పు, ఉలవలు, పెరుగు, రోజుకో గుడ్డు అని చెప్పాను. పప్పు దినుసులతో పీచు కూడా వస్తుంది, అది మంచి బాక్టీరియాకి తిండి. మాంసం కంటే పప్పూ పాలూ ఈ పేషెంట్లకు బాగా పడతాయి. ఎండుచేప, ఆవకాయ మాన్పించింది ఉప్పు కోసం, మాంసకృత్తుల కోసం కాదు. అది విడమరిచి చెప్పకపోతే 'నీసు వద్దన్నాడు డాక్టరు' అని మళ్ళీ మొదటికొస్తుంది.

పడుకునే ముందు ఒక పెద్ద గ్లాసు చోడి అంబలి. సిరోసిస్ ఉన్న మనిషి రాత్రి పది గంటలు ఖాళీ కడుపుతో ఉంటే, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంతగా ఒళ్ళు తన కండను తానే తినడం మొదలుపెడుతుంది. విదేశీ పుస్తకాలు దీనికి బిస్కట్లూ జ్యూసులూ రాస్తాయి. మా వైపు ఏ ఇంట్లోనైనా చోళ్ళు ఉంటాయి.

పేషెంటు తల్లి, ఎనభై దాటిన ముసలావిడ, తరవాణి పొయ్యొచ్చా అని అడిగింది. మంచి ప్రశ్నే. పులిసిన గంజిలో బతికున్న బాక్టీరియా ఉంటుంది, ఏది ఎంత అన్నది కుండకో రకం. ఒంట్లో కాపలా తగ్గిన సిరోసిస్ మనిషికి, మూత సరిగా లేని కుండలోది నేను ఇవ్వను. పెరుగు సరే. 2018లో అమెరికా, టర్కీ పేషెంట్లను పోల్చిన బజాజ్ బృందం పరిశోధనలో, పెరుగులాంటి పులిసిన పాల పదార్థాలు, కూరగాయలు, టీ, కాఫీ ఎక్కువ తీసుకునే టర్కీ వాళ్ళ పేగుల్లో బాక్టీరియా రకాలు ఎక్కువున్నాయి, ఆసుపత్రి పాలవడమూ తక్కువే. పెరుగు వల్లే అని అంతటితో తేలిపోదు. అయినా ఇంట్లో తోడుపెట్టిన కప్పు పెరుగుకి అభ్యంతరం చెప్పడానికి కారణం కనబడలేదు. షాపులో ప్రోబయాటిక్ గుళికలకు డబ్బు పెట్టవద్దని మాత్రం చెప్పాను. ఆ డబ్బు రిఫాక్సిమిన్‌కి కావాలి.

పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపాను. ఖైనీ వల్ల చిగుళ్ళు చీము పట్టి ఉన్నాయి. నోటి బాక్టీరియా పేగుల్లో చేరుతోందని తెలిశాక నోరు చూడకుండా వదలడం నాకు సరిగా అనిపించదు.

కొడుకు తెచ్చిన ప్రశ్న

డిశ్చార్జి రోజున కొడుకు ఫోను పట్టుకుని వచ్చాడు. ఒకరి మలంలోని బాక్టీరియాను ఇంకొకరి పేగుల్లో పెట్టి ఈ జబ్బు తగ్గించారని చదివాడట. "నాది తీసుకోండి సార్, నాకే జబ్బూ లేదు" అన్నాడు. తల్లి నెత్తి కొట్టుకుంది.

అబద్ధం చదవలేదు ఆ అబ్బాయి. 2017లో వర్జీనియాలో బజాజ్ బృందం 20 మంది మగ పేషెంట్ల మీద చేశారు. పదిమందికి ఎనీమా ద్వారా ఇచ్చారు, పదిమందికి మామూలు వైద్యం. అయిదు నెలల్లో మలమార్పిడి చేసినవాళ్ళలో ఒక్కరికీ మత్తు రాలేదు, రెండో గుంపులో అయిదుగురికి వచ్చింది. కానీ ఆ దాతను ఇంట్లోవాడని ఎంచుకోలేదు. లాక్నోస్పిరేసి, రూమినోకోకేసి ఎవరిలో ఎక్కువున్నాయో పరీక్షలు చేసి ఎంచుకున్నారు. 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక చేయాల్సి వచ్చింది: ఒకే దాత మలం నుంచి యాంటీబయాటిక్కులకు లొంగని ఇ. కోలి ఇద్దరు పేషెంట్లకు సోకింది, ఒకరు చనిపోయారు. మన దగ్గర అలాంటి మొండి ఇ. కోలి ఆరోగ్యంగా తిరిగే మనుషుల పేగుల్లో కూడా తేలిగ్గా దొరుకుతుంది. దాతను అంత వడకట్టే ల్యాబు శ్రీకాకుళంలో లేదు. ట్రయల్ జరిగే పెద్ద సెంటర్లో, రాతపూర్వక అనుమతులతో చేయాల్సిన పని అది. నా ఓపీలో కాదు. ఆ అబ్బాయికి ఇదంతా చెప్పాను. "మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు. బండి తాళం దాచమన్నాను. పైకి బాగానే కనబడే దశలో కూడా వీళ్ళకు రోడ్డు మీద చూపు, నిర్ణయం ఆలస్యమవుతాయి. ఆయన రోజూ హైవే ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్ళే మనిషి.

తెలివి కొలవడం

పైకి కనబడని మత్తును పట్టడానికి నేను వాడేది ఒక్క నిమిషంలో జంతువుల పేర్లు చెప్పించడం. ఇటలీలో పదువా వాళ్ళు సరిచూసిన పరీక్ష అది. పదికి తక్కువైతే స్పష్టమైన తేడా, పదిహేను దాకా అనుమానం. డిశ్చార్జి రోజున ఆయన తొమ్మిది చెప్పాడు, అందులో ఆవు రెండుసార్లు. ఆరు వారాలకు 14. మూడు నెలలకు ఎలుగుబంటితో మొదలుపెట్టి 19 చెప్పాడు. జీడితోటల్లోకి ఎలుగులు దిగే ఊరు కదా. ఈ పరీక్షకు మా తీరంలో ఒక తిరకాసుంది. భావనపాడు వైపు వేటకెళ్ళేవాళ్ళని అడిగితే చేపల పేర్లే ఇరవై చెప్పేస్తారు, మత్తులో కూడా. అలాంటివాళ్ళకు చెదురుగా ఉన్న అంకెల్ని వరుసగా గీతతో కలిపే పరీక్ష నయం, చదువు రానివాళ్ళకు చండీగఢ్ పీజీఐ వాళ్ళు తయారుచేసిన బొమ్మలు కలిపే పరీక్ష ఉంది.

ఇంటికి ఇచ్చిన పరీక్ష ఇంకా చిన్నది: రోజూ రాత్రి అంబలి తాగే ముందు ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, సంతకం పెట్టి, పది అంకెలు రాయాలి.

మే నెల

అది పనికొచ్చింది. మే నెలలో చుట్టాల పెళ్ళి, ఎండ, భోజనాలు. విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకి ఆరేడు. 'ఎక్కువైతే ఇంకా మంచిదే కదా' అని ఆయన సిరప్పు తగ్గించలేదు. మూడో రోజు రాత్రి నోటు పుస్తకంలో 8 పైన మూసుకోలేదు. కోడలు ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపింది, పక్కనే క్యాలెండరు ఫోటో కూడా.

ఇక్కడ లాక్టులోజే శత్రువు. విరేచనాలు మితిమీరితే నీరు, పొటాషియం పోతాయి, కిడ్నీ మీద ఒత్తిడి పడుతుంది, మత్తు మళ్ళీ వస్తుంది. చూసేవాళ్ళు 'మత్తొచ్చింది, సిరప్పు పెంచుదాం' అనుకుంటారు, ఇంకా మునుగుతుంది. సిరప్పు ఆపించి, తర్వాత మళ్ళీ మొదలైన నీరు లాగే మాత్ర కూడా ఆపించి, ఓఆర్ఎస్ పట్టించమన్నాను. పొద్దున్నే పలాసలోనే రక్తం ఇచ్చారు: పొటాషియం 3.2, క్రియాటినిన్ 1.4. ఒక రోజు సెలైన్, పొటాషియంతో సరిపోయింది. విరేచనాలు మూడుకి దిగాక సిరప్పు సగం డోసుతో మళ్ళీ మొదలుపెట్టారు. అడ్మిషన్ అవసరం పడలేదు.

ఇప్పటి సంగతి

ఏడాది దగ్గర పడుతోంది. మత్తుతో మళ్ళీ చేరలేదు. బిలిరుబిన్ 1.9, ఆల్బుమిన్ 2.9, ఐఎన్ఆర్ 1.5, క్రియాటినిన్ 1.0. చైల్డ్ పూ బి తరగతికి దిగింది, మెల్డ్ 13. ఇందులో మందు వాటా ఎంత, తాగుడు మానడం వాటా ఎంత, తిండి వాటా ఎంత అని విడదీసి చెప్పడం ఒక్క పేషెంటును చూసి కుదరదు. నన్నడిగితే తిండికి ఎక్కువ మార్కులేస్తాను, భుజాలు మళ్ళీ నిండుతున్నాయి. ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన నాళాలు కనబడ్డాయి, వాటిలో ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర నడుస్తోంది. అల్సరు లేదు, గ్యాస్ మాత్ర మళ్ళీ అవసరం పడలేదు. ఆరు నెలలకోసారి లివర్ క్యాన్సర్ కోసం స్కానింగు, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. ఒకసారి మత్తు వచ్చిందంటేనే లివర్ మార్పిడి గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టు. విశాఖలో ట్రాన్స్‌ప్లాంట్ టీమును కలిసి వచ్చారు, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గురించి ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు.

పోయినసారి వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, రిఫాక్సిమిన్ ఎప్పుడు ఆపొచ్చని. లివర్ మారితే ఆపొచ్చు, లేదా లివర్ ఇంకా బాగా కోలుకుని, కండ నిండి, చాలాకాలం మత్తు లేకుండా గడిస్తే ఆలోచిద్దాం, ఇప్పుడు మాత్రం కాదన్నాను. లెక్కలు తెలిసిన మనిషి కదా, జేబులోంచి కాగితం తీసి నెలకి మాత్రల ఖర్చు ఒక వైపు, గతంలో ఆసుపత్రికి పెట్టింది ఇంకో వైపు వేసి, నాకు చూపించి, సరే బాబూ రాసివ్వండి అన్నాడు. మూడు నెలలకి రాసిచ్చాను.